పిల్లి గోళ్లు తీయించకుండా సోఫాను కాపాడుకోవడం ఎలా

మా పిల్లి పేరు మిరియం. ఒళ్లంతా నలుపు, అందుకని ఆ పేరు. కావలిలో మేం అద్దెకుండే ఇంటి మెట్ల కింద, కార్తీక మాసం వానల్లో, అరచేతిలో పట్టేంత పిల్లగా దొరికింది. ఎనిమిది నెలలు తిరిగేసరికి కొత్త సోఫా ఎడమ చెయ్యి మీద గుడ్డంతా చీల్చేసి లోపలి స్పాంజిని బయటికి లాగింది. సోఫాకి అప్పటికింకా నాలుగు ఈఎంఐలు కట్టాల్సి ఉంది.

పిల్లి మేత కొనే కొట్టులో ఈ గోడు చెప్పుకుంటే, కౌంటర్లో ఉన్నాయన చాలా తేలిగ్గా, "గోళ్లు తీయించేయండి మేడం, అమెరికాలో అంతా అదే చేయిస్తారంట. మళ్లీ రావు" అన్నాడు. ఆ "మళ్లీ రావు" అనే మాట నాకు బాగా నచ్చిందని ఒప్పుకోవాలి. మనం సెలూన్‌లో గోళ్లు తీయించుకున్నట్టు, కాస్త శాశ్వతంగా ఉండే పని అనుకున్నాను. పశువుల డాక్టర్‌ని అడిగితే ఆయన నా చూపుడువేలు చివరి కణుపు దగ్గర పెన్నుతో గీత గీసి, "ఇక్కడికి కొయ్యాలమ్మా. పది వేళ్లకీ. నేను చెయ్యను" అన్నారు.

ఇంటికొచ్చి ఆ గీత కడుక్కున్నాక మొదలుపెట్టిన పనులే ఇవి. మీ ఇంట్లోనూ పిల్లి సోఫానో, పరుపునో, కర్టెన్లనో బరుకుతుంటే ఈ వరసలో చేసి చూడండి.

ముందు: ఆ ఆపరేషన్ ఆలోచన పక్కన పెట్టండి

మన గోరు చర్మంలోంచి మొలుస్తుంది. పిల్లి గోరు వేలి చివరి ఎముకను పట్టుకునే పెరుగుతుంది. గోరు మళ్లీ రాకూడదంటే ఆ చివరి ఎముకనే కీలు దగ్గర కోసి తీసేయాలి. ముందు కాళ్లకు ఐదేసి చొప్పున పది, వెనక కాళ్లకు నాలుగేసి చొప్పున ఎనిమిది, మొత్తం 18 గోళ్లు పిల్లికి. ముందు కాళ్లకే చేయించినా పది చోట్ల ఎముక కోసినట్టు. ఒక్క ముక్క లోపల మిగిలిపోయినా గోరు వంకరగా మళ్లీ మొలిచి, చర్మం కింద చీము పట్టే ప్రమాదం ఉంది.

పిల్లి మనలా పాదం మొత్తం ఆనించి నడవదు, వేళ్ల మీద నడుస్తుంది. వేళ్ల కొసలే లేకపోతే బరువు పడే తీరు మారిపోతుంది. కాళ్లు నొప్పి పుడితే దొడ్డికి పెట్టిన ఇసుక తొట్టిలో గీరుకోవడం మానేస్తుంది, మంచం మీదో గుడ్డల మీదో పోయడం మొదలవుతుంది. గోళ్లు లేని పిల్లికి ఆత్మరక్షణకు మిగిలేవి పళ్లే కాబట్టి కరవడం కూడా ఎక్కువవుతుంది. అంటే సోఫా చిరుగు పోగొట్టుకోబోయి పరుపు మీద ఉచ్చ, చేతి మీద పంటిగాటు కొని తెచ్చుకున్నట్టు.

పైగా మన పిల్లులు అమెరికా పిల్లుల్లాగా నాలుగు గోడల మధ్య ఉండేవి కావు. మా వీధిలో తొమ్మిది కుక్కలున్నాయి. మిరియం ఆ కుక్కల్ని దాటుకుని గోడెక్కి ఇంట్లోకొస్తోందంటే ఆ పది గోళ్ల చలవే.

అమెరికాలో "అంతా" చేయిస్తారన్న మాట కూడా పాతబడిపోయింది. ఒకప్పుడు అక్కడ మామూలుగానే చేసేవాళ్లు, నిజమే. వెస్ట్ హాలీవుడ్ అనే చిన్న నగరం 2003లో దీన్ని నిషేధించింది. రాష్ట్రం మొత్తానికి నిషేధం పెట్టిన మొదటిది న్యూయార్క్, 2019లో. 2022లో మేరీలాండ్ ఆ దారి పట్టింది. బ్రిటన్, ఆస్ట్రేలియా, ఇజ్రాయెల్ లాంటి దేశాల్లో వైద్యపరమైన కారణం లేకుండా చేయడం నేరమే. మన దగ్గర 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం ఉంది. జంతువుల అవయవాలు ఖండించడాన్ని దాని 11వ సెక్షన్ క్రూరత్వాల జాబితాలో చేర్చింది. మొదటిసారి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలని ఆ చట్టంలో చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 1960లో యాభై రూపాయలంటే కాస్త దడ పుట్టేదేమో!

గోరును ఉంచి, దాన్ని బయటికి చాపే స్నాయువును (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటిది) మాత్రం కత్తిరించే ఆపరేషన్ ఇంకొకటుంది. అదేదో మెత్తటి పద్ధతి అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. గోరు పెరుగుతూనే ఉంటుంది, పిల్లి దాన్ని అరగదీసుకోలేదు, జీవితాంతం మీరే కత్తిరిస్తూ ఉండాలి.

వేలి ఎముకకు కణితి, మానని చీము లాంటి జబ్బు చేసి డాక్టర్ ఆ ఒక్క వేలూ తీయాలంటే అది వేరే సంగతి. అది వైద్యం.

మొదటి పని: మూడు రోజులు ఊరికే గమనించండి

పిల్లి మీ మీద కోపంతో సోఫా చించదు. దానికి మూడు అవసరాలున్నాయి. గోరు పైన పాతబడిన పొర ఊడాలి. ఇల్లు ఊడ్చేటప్పుడు నెలవంక ఆకారంలో చిన్న చిన్న పెంకులు దొరుకుతుంటాయి చూడండి, అవి ఆ పొరలే. గోరు ఊడిపోయిందని కంగారు పడకండి. రెండోది, నిద్ర లేచాక ఒళ్లు విరుచుకోవాలి. ముందు కాళ్లు పైకి చాపి, గోళ్లు దేనికైనా గుచ్చి, వెన్ను సాగదీస్తుంది. మూడోది, అరికాళ్లలో వాసన గ్రంథులుంటాయి. బరికినచోట ఆ వాసన అంటుతుంది, "ఇది నాది" అని దానికి అదొక సంతకం. ఒకసారి బరికిన చోటికే మళ్లీ మళ్లీ పోయేది ఇందుకే.

కాబట్టి తిట్టే ముందు ఒక కాగితం తీసుకుని నాలుగు సంగతులు రాసుకోండి. ఎక్కడ బరుకుతోంది. ఏ వేళకు. నిలబడి బరుకుతోందా, నేల మీద వంగి బరుకుతోందా. ఆ వస్తువు గరుకుగా ఉందా, పోగులు లేచేదిగా ఉందా. నా కాగితంలో తేలింది ఇదీ: సోఫా ఎడమ చెయ్యి, పొద్దున ఐదున్నరకి, మధ్యాహ్నం నిద్ర లేచాక, ఎప్పుడూ నిలబడే. కుడి చెయ్యిని ఒక్కసారీ ముట్టలేదు. ఎందుకంటే అది పడుకునే చాప సోఫాకి ఎడమ పక్కన ఉంది!

ఇక్కడే నాకు మా అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చింది. కందుకూరు దగ్గర పల్లె. ఆ ఇంట్లో ఎప్పుడు చూసినా రెండు మూడు పిల్లులుండేవి, ధాన్యం బస్తాల దగ్గర ఎలుకల కోసం. పిల్లి సామాను పాడు చేసిందని అమ్మమ్మ నోట ఒక్కసారి కూడా వినలేదు. పాడు చేయడానికి సామాను లేదనుకునేదాన్ని. కానీ వసారాలో నులక మంచం ఉండేది, దాని కాళ్ల దగ్గర నులక ఎప్పుడూ పీచు లేచి ఉండేది. గోనె బస్తాలుండేవి, పందిరి గుంజ ఉండేది, పెరట్లో తాటిమొద్దు ఉండేది. పిల్లికి బరకడానికి ఇల్లంతా సరంజామానే. ఇప్పుడు మన ఇళ్లలో టైల్స్ గచ్చు, స్టీలు మంచం, ప్లాస్టిక్ కుర్చీలు, బియ్యం కూడా ప్లాస్టిక్ సంచుల్లోనే. గోరు దిగే వస్తువు ఇల్లంతా వెతికితే ఒక్క సోఫానే మిగిలింది. మిరియం అక్కడికే పోయింది. నేనైనా అక్కడికే పోయేదాన్ని.

రెండో పని: గుంజ తయారు చేయండి

ఆన్‌లైన్‌లో దొరికే బరుకుడు స్తంభాలు చాలామటుకు ఒకటిన్నర అడుగులుంటాయి, పిల్లి చెయ్యి వేయగానే ఊగుతాయి. ఒక్కసారి మీద పడిందంటే ఇక జన్మలో దాని దగ్గరికి పోదు. గుంజకు ఉండాల్సిన లక్షణాలు రెండే: పిల్లి వెనక కాళ్ల మీద నిలబడి పూర్తిగా చాచినా ఇంకా కాస్త పైకి ఉండాలి, కదలకూడదు. పెద్ద పిల్లికి మూడడుగుల ఎత్తు కావాలి.

కర్ర: సముద్రం పక్క ఊళ్లలో సరుగుడు తోటలుంటాయి, మెట్ట వైపు సుబాబుల్, జామాయిల్. ఏ అడితికి పోయినా నాలుగంగుళాల లావు మొద్దు ముక్క ఒకటి ఇస్తారు. నాకైతే స్లాబు పోసేవాళ్లు వదిలేసిన సరుగుడు కర్ర దొరికింది. బెరడు చెక్కేసి వారం రోజులు ఎండబెట్టండి. పచ్చి కర్ర మీద తాడు చుడితే కర్ర ఎండాక సన్నబడి తాడు వదులవుతుంది. నేను మొదటిసారి చేసిన తప్పు అదే.

తాడు: కొబ్బరి తాడు గానీ, జనపనార తాడు గానీ. ప్లాస్టిక్ తాడు, నైలాన్ తాడు, పాత వల తాళ్లు వద్దు. గోరు చిక్కుకుంటుంది, పోగు మింగితే పేగులో అడ్డం పడుతుంది. కొబ్బరి తాడు మరీ ముళ్లు ముళ్లుగా ఉంటే కొన్ని పిల్లులు ముట్టవు, అప్పుడు జనపనార తీసుకోండి. ఎంత కావాలో లెక్క: నాలుగంగుళాల కర్రకు ఒక సెంటీమీటరు లావు తాడు ఒక్క చుట్టుకు సుమారు 35 సెంటీమీటర్లు పడుతుంది. రెండున్నర అడుగుల మేర చుట్టాలంటే 76 చుట్లు, అంటే దాదాపు 27 మీటర్లు. 30 మీటర్లు కొనండి. నేను కంటి అంచనాతో పది మీటర్లు తెచ్చి హార్డ్‌వేర్ షాపుకి మూడుసార్లు తిరిగాను.

చుట్టడం: కింద నుంచి మొదలుపెట్టండి. మొదటి కొసను కర్రకు చిన్న మేకుతో కొట్టి, మేకు తల లోపలికి దిగిపోయేలా చూసుకోండి. ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ మధ్య సందు ఉండకూడదు. నాలుగైదు చుట్లకొకసారి సుత్తితో కిందికి తట్టి బిగించండి. ఇద్దరుంటే మంచిది, ఒకరు కర్ర తిప్పుతూ ఇంకొకరు తాడు లాగి పట్టుకోవాలి. మా ఆయన కర్ర తిప్పారు, తిప్పినంతసేపూ "సోఫాకి కవరేస్తే పోయేది కదా" అంటూనే ఉన్నారు. జిగురు కావాలంటే చెక్కపనికి వాడే తెల్ల జిగురు పల్చగా పూసి, రెండు రోజులు ఆరనిచ్చాకే పిల్లి ముందు పెట్టండి.

అడుగు: ఇక్కడ మీ ఇంట్లో పనికిరాకుండా పడున్న రోలు ఉంటే అదృష్టవంతులు. రోటి గుంటలో కర్ర నిలబెట్టి, చుట్టూ రాతి పెచ్చులు దిగ్గొట్టి సిమెంటు పోస్తే ఏనుగు తోసినా కదలదు. పై అంతస్తులో ఉన్నవాళ్లు రోలు మోయలేరు కాబట్టి ఖాళీ పెయింటు బకెట్టులో కర్ర నిలిపి కంకర సిమెంటు పోయండి, లేదా అడుగున్నర చదరం కడప బండ ముక్కకు కర్ర బిగించండి. మూడు రోజులు నీళ్లు పోసి ఆరనివ్వండి.

మీ కాగితంలో "నేల మీద వంగి" అని తేలితే ఇంత శ్రమ అక్కర్లేదు. ఒక చెక్క పలకకు గోనెపట్టా రెండు మడతలు బిగించి మేకులు కొడితే చాలు. అట్టపెట్టె పొరలు నిలువుగా పేర్చి కట్టినా పిల్లులు పడి చస్తాయి. ఒక్క జాగ్రత్త: గోనె ఎక్కడిదో కనుక్కోండి. ఒంగోలు, టంగుటూరు, కందుకూరు వైపు పొగాకు బేళ్లకు చుట్టిన గోనె చౌకగా దొరుకుతుంది. అది వద్దు. పొగాకులోని నికోటిన్ పిల్లికి విషం, బరికిన గోళ్లు అది నాక్కుంటుంది కదా. ఎరువుల బస్తాలూ అంతే. బియ్యం కొట్టులో అడిగి తెచ్చి, ఉతికి ఎండబెట్టి వాడండి.

మూడో పని: సరైన చోట పెట్టండి

గుంజ తయారవగానే అందరూ చేసే పని దాన్ని తలుపు వెనకో, బాల్కనీ మూలలోనో దాచడం. చూడ్డానికి బాగోదని. పిల్లి సంతకం పెట్టేది నలుగురూ తిరిగే చోట. మూలన పెట్టిన గుంజ మూలనే ఉంటుంది, సోఫా చిరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు ఎక్కడ బరుకుతోందో సరిగ్గా అక్కడ, సోఫా చెయ్యికి ఆనించి పెట్టండి. వారం పది రోజులు అది అక్కడే ఉండాలి. చుట్టాలొస్తే "ఏందమ్మా ఈ గుంజ, ఆవును కట్టేస్తారా?" అంటారు. అననివ్వండి.

పిల్లి గుంజకు అలవాటు పడ్డాక రోజుకు రెండంగుళాల చొప్పున మీకు కావలసిన చోటికి జరుపుకోవచ్చు. మా గుంజ సోఫా దగ్గర్నుంచి కిటికీ దగ్గరికి చేరడానికి నెలన్నర పట్టింది.

దాని కాళ్లు పట్టుకుని గుంజ మీద రుద్ది నేర్పించబోకండి. బెదిరిపోతుంది. గుంజ పైన దారానికి ఈక కట్టి ఆడించండి, దాన్ని అందుకోబోయి గోళ్లు తాడులో దిగుతాయి, ఆ పట్టు ఎంత బాగుందో అదే తెలుసుకుంటుంది. దిగిన ఆ క్షణంలోనే ఒక ముక్క తినిపించండి. నెల్లూరు జిల్లాలో ఉండి దీనికి ప్యాకెట్ల బిస్కెట్లు కొనడం దండగ. నాలుగు నెత్తళ్లు ఉప్పూకారం లేకుండా ఉడకబెట్టి, ముల్లు తీసి చిదిమి పెట్టుకోండి. చేపల పులుసులో ముక్క మాత్రం పెట్టొద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తానికి చేటు.

ఇంకో కిటుకు పెరట్లోనే ఉంది. వానలు పడ్డాక గోడల పక్కన కుప్పింటాకు మొక్క మొలుస్తుంది, కొన్ని ఊళ్లలో మురిపిండాకు అంటారు. దాని వేరు వాసనకి చాలా పిల్లులు మైమరిచిపోయి దొర్లుతాయి. పరదేశాల వాళ్లు పిల్లుల కోసం డబ్బాల్లో కొనే క్యాట్‌నిప్ అనే మొక్కకు మన ఊరి వరస అన్నమాట. వేరు కడిగి, నలగ్గొట్టి, తాడు మీద రుద్దండి. రుద్దాక వేరు తీసి పారేయండి, తిననివ్వొద్దు. కొన్ని పిల్లులకు ఆ వాసనే పట్టదు, మీది అలాంటిదైతే వదిలేయండి.

నాలుగో పని: సోఫా రుచి పోగొట్టండి

గుంజ పెట్టిన రోజే ఇదీ చేయాలి. ఒక్కటే చేస్తే సగం పనే అవుతుంది. సోఫా చెయ్యి మీద రెండు వైపులా జిగురుండే టేపు అంటించండి, పిల్లికి కాలికి అంటుకునేది ఏదీ గిట్టదు. ఖరీదైన గుడ్డయితే టేపు బదులు వంటింటి అల్యూమినియం రేకు చుట్టండి, లేదా గోరు దిగని నున్నటి దుప్పటి బిగుతుగా దోపండి. వదులుగా వేస్తే అది ఇంకో ఆట అవుతుంది. పాత వాసన పోవడానికి ఆ చోటు సబ్బునీళ్లతో తుడవండి. నెల తర్వాత టేపు తీసేయొచ్చు.

ఇక మన ఇళ్లలో ఎవరో ఒకరు చెప్పే చిట్కాలు. కారం చల్లమంటారు. కాళ్లకంటిన కారం నాక్కుని, కళ్లు తుడుచుకుని పిల్లి పడే బాధ చూస్తే జన్మలో మళ్లీ చల్లరు. కలరా ఉండలు సోఫా సందుల్లో పెట్టమంటారు, అది పిల్లికి ప్రాణాంతకం. కర్పూరం, నీలగిరి తైలం, ఫినాయిల్ కూడా వద్దు. పిల్లి కాలేయం వీటిని కుక్కలా, మనిషిలా అరిగించుకోలేదు.

కొట్టడం, అరవడం, నీళ్లు చల్లడం కూడా ఉపయోగం లేదు. సోఫా బరకకూడదని అది నేర్చుకోదు. మీరు ఉన్నప్పుడు బరకకూడదని నేర్చుకుంటుంది. మిరియానికి నేను సరిగ్గా ఆ పాఠమే నేర్పాను, రెండు నెలలు అది రాత్రి రెండింటికి బరికేది. బరుకుతుండగా చూస్తే చప్పట్లు కొట్టి దృష్టి మళ్లించి, గుంజ దగ్గర ఈక ఆడించండి, చాలు.

ఐదో పని: గోటి కొస కత్తిరించడం

ఇది చెబితే భయపడతారు గానీ, చేతికి అలవాటయ్యాక ఐదు నిమిషాల పని. పిల్లుల కోసం అమ్మే చిన్న కత్తెర కొనండి. మన నెయిల్ కట్టర్ గోరును అదిమి చీలుస్తుంది. వక్కల కత్తెరతో గోళ్లు తీసిన మహానుభావుణ్ణి మా బంధువుల్లోనే చూశాను, ఆ పిల్లి మూడు రోజులు మంచం కింద నుంచి రాలేదు.

కత్తిరించే ముందు వారం రోజులు ఊరికే కాలు పట్టుకోవడం, వదలడం, ఒక చేప ముక్క పెట్టడం, ఇంతే చేయండి. తర్వాత ఒక మధ్యాహ్నం, అది తిని మగతగా ఉన్నప్పుడు, కిటికీ వెలుతురులో ఒళ్లో కూర్చోబెట్టుకోండి. పిల్లి గోళ్లు లోపలికి ముడుచుకుని ఉంటాయి. వేలిని పైనా కిందా మెల్లగా నొక్కితే గోరు బయటికొస్తుంది. వెలుతురుకు పెట్టి చూస్తే లోపల గులాబీ రంగు గీత కనిపిస్తుంది. అది ప్రాణమున్న భాగం, నెత్తురూ నరమూ అక్కడే ఉంటాయి. దాని జోలికి పోకుండా, తెల్లగా పారదర్శకంగా ఉన్న కొసను మాత్రం, రెండు మిల్లీమీటర్లు, వంకీ పోయేంత వరకే కత్తిరించండి. మిరియం లాంటి నల్లపిల్లికి ఒక్కోసారి గోరు ముదురు రంగులో ఉండి గీత కనపడదు. అప్పుడు ఇంకా తక్కువ, సూది మొన మాత్రం.

మొదటి రోజు రెండు గోళ్లు. పెనుగులాడితే వెంటనే వదిలేసి రేపు చూడండి. పది గోళ్లూ ఒక్క కూర్చుంటలో తీయాలని ఎక్కడా రాసి లేదు. రెండు మూడు వారాలకొకసారి ముందు కాళ్లవి చాలు, వెనకవి అంత తొందరగా పెరగవు. బొటనవేలులా పక్కకుండే ఐదో గోరును మాత్రం మరవొద్దు. అది నేలకు తగలదు, అరగదు, గుండ్రంగా తిరిగి అరికాలి మెత్తలోకి దిగుతుంది. ముసలి పిల్లుల్లో ఇది ఎక్కువ.

పొరపాటున నెత్తురొస్తే కంగారు వద్దు. చిటికెడు కార్న్‌ఫ్లోర్ అద్ది, శుభ్రమైన గుడ్డతో రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టండి, ఆగుతుంది. నొప్పికని మన మాత్రలు వేయొద్దు. పారాసిటమాల్ ఒక్క బిళ్లతోనే పిల్లి చనిపోవచ్చు.

రోజంతా బయట తిరిగే పిల్లికి గోళ్లు కత్తిరించకపోవడమే మేలు. కుక్క తరిమితే చెట్టెక్కాలి. గోళ్లకు అంటించే ప్లాస్టిక్ తొడుగులు కూడా అందుకే ఇంట్లోంచి కదలని పిల్లికే. అవి నాలుగు నుంచి ఆరు వారాలుంటాయి, తర్వాత మళ్లీ అంటించాలి. నేను వాడలేదు, వాడబుద్ధి కాలేదు.

మనుషుల్ని రక్కుతుంటే

అది వేరే కథ, గుంజతో తీరేది కాదు. చాలా ఇళ్లలో మనమే నేర్పి ఉంటాం. పిల్లగా ఉన్నప్పుడు చేతివేళ్లు ఆడించి కరిపించుకుంటాం, ముద్దుగా ఉందని వీడియోలు తీస్తాం. అది పెద్దయ్యాక అదే ఆట ఆడితే తప్పు దానిదా? ఇవాళ్టి నుంచి చేతులు ఆటవస్తువులు కావని అందరూ అనుకోండి, పిల్లలతో సహా. పొద్దున పది నిమిషాలు, రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు దారంతోనో కాగితం ఉండతోనో పరిగెత్తించండి. ఆట అయ్యాక దారం ఎత్తి దాచేయండి, మింగితే ఆపరేషనే.

రక్కితే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కాఫీపొడి పెట్టొద్దు. పిల్లుల వల్ల కూడా రేబిస్ వస్తుంది. నెత్తురు రాని గీతకు కూడా టీకా అవసరమే, నెత్తురొస్తే దాంతో పాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే ఇంకో ఇంజెక్షన్ కూడా వేస్తారు. ప్రభుత్వాసుపత్రిలో టీకా ఉచితంగా వేస్తారు, అదే రోజు పోండి. "మన పిల్లే కదా" అని ఆగొద్దు, మన పిల్లి రాత్రి ఎవరితో పోట్లాడి వచ్చిందో మనకేం తెలుసు. దానికి మూడో నెలలో రేబిస్ టీకా వేయించి, ఏటా డాక్టర్ చెప్పిన తేదీకి మళ్లీ వేయిస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇన్నాళ్లూ నెమ్మదిగా ఉన్న పిల్లి ఒక్కసారిగా ఇల్లంతా బరకడం మొదలుపెట్టినా, కుంటుతున్నా, వేలు వాచినా, ఈ పనులన్నీ ఆపి ముందు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లోకి కొత్త పిల్లి రావడం, ఇల్లు మారడం, కిటికీ బయట ఇంకో పిల్లి తిరగడం వల్ల కూడా సంతకాలు ఎక్కువవుతాయి. అలాంటప్పుడు ఆ కిటికీ దగ్గర ఇంకో గుంజ పెట్టండి. రెండు పిల్లులుంటే ఎలాగూ రెండు గుంజలు కావాలి, ఒకదాని సంతకం మీద ఇంకొకటి సంతకం పెట్టి పంచాయితీ చేస్తాయి.

గుంజ వాడకంలోకి వచ్చిన ఏడాదికి తాడు పీలికలై, పీచు లేచి, అసహ్యంగా కనపడుతుంది. పిల్లికి అప్పుడే అది బాగా నచ్చుతుంది. పండక్కి ఇల్లు శుభ్రం చేస్తూ నేను ఆ తాడంతా ఒక్కరోజే విప్పేసి కొత్తది చుట్టాను. మిరియం వచ్చి వాసన చూసి, నా మొహం చూసి, నేరుగా సోఫా దగ్గరికి పోయింది. తాడు మార్చాలంటే సగం ఈ నెల, సగం వచ్చే నెల మార్చండి. పాత తాడు ముక్కలు రెండు మూడు కొత్త చుట్ల మధ్య దోపి ఉంచండి.